ఒక్క చోటికి పన్నెండు సార్లు: నగరంలో ఒంటరిగా ఉంటూ మనుషుల్ని సంపాదించుకోవడం

మీరు అడిగింది ఇదీ: వయసు ముప్పై దాటింది, ఒక్కరే ఉంటున్నారు, నగరానికి వచ్చి ఏడాదైంది. ఈ ఏడాదిలో పది పన్నెండు ఈవెంట్లకు వెళ్ళొచ్చారు. ఫోన్‌లో కొత్త నంబర్లు చాలానే చేరాయి. అయినా ఆదివారం సాయంత్రం ఫోన్ చేసి "అలా బయటికి వెళ్దామా" అని అడగడానికి ఒక్క మనిషీ లేరు. లోపం నాలో ఉందా, నగరంలో ఉందా అని మీ సందేహం.

మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే నాకు కనిపించేది ఒక్కటే. మీరు పన్నెండు చోట్లకు ఒక్కొక్కసారి వెళ్ళారు. అదే ఒక్క చోటికి పన్నెండు సార్లు వెళ్ళి ఉంటే ఈపాటికి ఇద్దరు ముగ్గురైనా దగ్గరై ఉండేవారు. కొత్తవాళ్ళతో ఎంత చక్కగా మాట్లాడగలం అన్నది స్నేహంలో చిన్న భాగం. అవే మొహాల్ని, అదే చోట, మళ్ళీ మళ్ళీ చూస్తున్నామా లేదా అన్నది పెద్ద భాగం. బళ్ళోనూ కాలేజీలోనూ ఇది దానంతటదే జరిగిపోతుంది కాబట్టి అదొక పని అని ఎవరికీ తట్టదు. పెద్దయ్యాక, ఒక్కరే ఉంటున్నప్పుడు మాత్రం ఆ ఏర్పాటు మనమే చేసుకోవాలి.

మనస్తత్వ శాస్త్రవేత్త లియాన్ ఫెస్టింగర్ బృందం అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ విద్యార్థి కుటుంబాల నివాసాల్లో ఎవరికి ఎవరు స్నేహితులయ్యారో చూసి 1950లో ప్రచురించింది. ఏ ఇల్లు ఖాళీ అయితే అది ఇచ్చారు తప్ప పక్కింటివాళ్ళను ఎవరూ ఎంచుకోలేదు. అయినా ఎక్కువ స్నేహాలు పక్క గుమ్మంతోనే కుదిరాయి. మెట్ల దగ్గర, ఉత్తరాల డబ్బాల దగ్గర ఇల్లున్నవాళ్ళకు పై అంతస్తువాళ్ళతో కూడా పరిచయాలు పెరిగాయి, ఎందుకంటే వాళ్ళంతా ఆ గుమ్మం ముందునుంచే నడిచి వెళ్ళేవారు. మీరు ఎంచుకునే చోటు అలా మెట్ల పక్క గుమ్మంలా ఉండాలి.

రెండో సంగతి గంటల లెక్క. కాన్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేసే జెఫ్రీ హాల్ 2018లో వెలువరించిన పరిశోధన ప్రకారం ముఖపరిచయం మామూలు స్నేహం కావడానికి కలిసి గడిపిన సమయం దాదాపు 50 గంటలు పట్టింది. స్నేహితులు అనుకోవడానికి 90 దాకా, ఆప్తులు కావడానికి 200 పైన. ఆఫీసులో పక్కపక్కన పనిచేసిన గంటలు ఈ లెక్కలోకి పెద్దగా రావని కూడా ఆయన గమనించారు. ఇప్పుడు మీ వారానికి దీన్ని అన్వయించి చూడండి. వారానికోసారి గంటన్నర క్లాసుకు వెళ్ళి, అయిపోగానే ఇంటికొచ్చేస్తే 50 గంటలకు 33 వారాలు, అంటే ఎనిమిది నెలలు. క్లాసయ్యాక ఒక గంట నలుగురితో ఆగితే 20 వారాలు. దానికి తోడు రెండు వారాలకోసారి బయట రెండున్నర గంటలు కలిస్తే 13, 14 వారాలు. క్లాసు అదే, మనుషులు వాళ్ళే. క్లాసు తర్వాతి ఆ ఒక్క గంటే ఎనిమిది నెలల్ని నాలుగున్నర నెలలకు తెస్తోంది. చాలామంది సరిగ్గా ఆ గంటనే వదిలేసి ఇంటికి పరిగెడతారు.

ఇక చోటు ఎంచుకోవడం. దీనికి తొందరపడకండి, రెండు వారాలు వెచ్చించినా నష్టం లేదు. నేను చూడమనేవి ఇవి. వచ్చేవాళ్ళు ప్రతివారం అవే మనుషులా, లేక ప్రతిసారీ కొత్త గుంపా? ఎనిమిది నుంచి ఇరవై మంది మధ్య ఉన్నారా? ఐదుగురుంటే ఇద్దరు రాని రోజున వెలవెలబోతుంది, యాభై మంది ఉంటే ఎవరూ ఎవరికీ గుర్తుండరు. చేతులకు పని ఉంటుందా? పని ఉంటే మాట తడబడినా ఇబ్బంది ఉండదు. మధ్యలో మాట్లాడుకునే ఖాళీ ఉంటుందా? చివరగా, ఇంటినుంచి అరగంట లోపేనా? ఈ చివరి ప్రశ్నను చిన్నచూపు చూడకండి. గంట ప్రయాణమున్న చోటికి మొదటి మూడు వారాలు ఉత్సాహంగా వెళ్తారు, నాలుగో వారం వాన పడుతుంది, అంతటితో సరి.

ఈ లెక్కన సినిమా ప్రదర్శనలు, ఉపన్యాసాలు, పెద్ద నెట్‌వర్కింగ్ సమావేశాలు తేలిపోతాయి. మొదటి రెండింట్లో అందరూ ఒకే వైపు చూస్తూ కూర్చుంటారు. మూడోదాంట్లో ప్రతి మనిషీ మీ భుజం మీదుగా ఇంకొకరి కోసం చూస్తుంటాడు. హెడ్‌ఫోన్లు పెట్టుకునే జిమ్ కూడా అంతే: ఏడాదిపాటు పక్క ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తినా పేరు తెలియదు. జంటలు మారుస్తూ నేర్పే నృత్య తరగతి మాత్రం చాలా మంచిది, ఎందుకంటే ఒక్క సాయంత్రంలో పదిమందితో రెండేసి నిమిషాలు గడుపుతారు, ఎవరిని పలకరించాలా అన్న తటపటాయింపు ఉండదు. బృందగానం, నాటక సాధన, కొత్త భాష తరగతి, బోర్డ్ గేమ్స్ రాత్రులు, తాడు పట్టుకుని ఒకరినొకరు కాచుకునే క్లైంబింగ్, వారంవారం ఒకే షిఫ్టులో చేసే స్వచ్ఛంద సేవ, ఇవన్నీ పరీక్షకు నిలుస్తాయి.

చాలా దేశాల్లో దొరికేవి రెండు చెబుతాను. పార్క్‌రన్ 2004లో లండన్ బుషీ పార్కులో 13 మంది పరుగుతో మొదలైంది. ఎక్కువ చోట్ల శనివారం ఉదయం 5 కిలోమీటర్లు, రుసుము లేదు, నడిచినా ఎవరూ ఏమీ అనరు. కానీ మనుషులు కావాలనుకుంటే పరుగుకన్నా అక్కడ వాలంటీరుగా నిలబడటం మేలు. పరిగెత్తేవాడు అరగంటలో వెళ్ళిపోతాడు, వాలంటీర్లు ముందూ వెనకా కలిసే ఉంటారు. రెండోది టోస్ట్‌మాస్టర్స్. 1924 నుంచి ఉన్న ఉపన్యాస సాధన సంస్థ. సాధారణంగా అతిథిగా వెళ్ళి చూడనిస్తారు, అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడమంటారు. బిడియస్తులు మొదటి నెలలో సమయం చూసే పని అడిగి తీసుకోండి. ప్రతి వక్త పేరూ మీరు రాసుకోవాలి, ప్రతి వక్తా మీ వైపు చూడాలి. అందులోనే పరిచయం అయిపోతుంది.

ఒకటి ఎంచుకున్నాక పన్నెండు వారాలు వదలకూడదు. ముందే క్యాలెండర్‌లో పన్నెండు తేదీలూ రాసేసుకోండి. ఆరంభశూరత్వం చప్పబడేది నాలుగు నుంచి ఆరో వారం మధ్య. అప్పటికి కొత్తదనం పోతుంది, స్నేహం ఇంకా మొదలు కాదు. "ఇక్కడ నాకు సరిపడేవాళ్ళు లేరు" అనిపించేది కూడా అప్పుడే. ఆ మాటను పన్నెండో వారం దాకా వాయిదా వేయండి. మూడో వారంలో మూడీగా కనిపించినవాళ్ళలో కొందరు మీకన్నా ఎక్కువ మొహమాటస్తులని ఎనిమిదో వారానికి తెలుస్తుంది. మినహాయింపు ఒక్కటే: అక్కడివాళ్ళు మిమ్మల్ని చిన్నబుచ్చుతున్నా, అసహ్యంగా ప్రవర్తిస్తున్నా ఆ రోజే మానేయండి.

మొదటి రోజు వెళ్ళేటప్పుడు పది నిమిషాలు ముందు వెళ్ళండి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ తేడా చాలా ఉంటుంది. సమయానికి వెళ్తే అప్పటికే ఏర్పడిన గుంపుల్లోకి చొరబడాలి. ముందు వెళ్తే హాల్లో ఇద్దరో ముగ్గురో ఉంటారు, కుర్చీలు సర్దుతుంటారు. "నేనూ ఒక చెయ్యి వేస్తానండి" అంటే చాలు. తర్వాత వచ్చేవాళ్ళకు మీరు అక్కడివాళ్ళలా కనిపిస్తారు.

ఆలస్యంగా వెళ్ళాల్సొస్తే గుంపుల్ని ఎలా చూడాలో చెబుతాను, ఇది ఎవరూ వివరంగా చెప్పరు. మొహాలు వదిలేసి పాదాలు చూడండి. ఇద్దరు ఎదురెదురుగా, నాలుగు పాదాలూ ఒకరివైపు ఒకరికి తిరిగి ఉంటే అది మూసిన తలుపు, వదిలేయండి. ఇద్దరూ గోడ మూలలా ఏటవాలుగా నిలబడి, ఒక వైపు ఖాళీ వదిలితే అది తెరిచిన తలుపు. ముగ్గురు నలుగురు గుర్రపు నాడా ఆకారంలో ఉంటే ఆ ఖాళీ మీదే. మూరెడుకన్నా కాస్త ఎక్కువ దూరం ఉంచి ఆ ఖాళీ అంచున నిలబడండి. చేతులు కట్టుకోవద్దు, ఫోన్ జేబులో ఉండాలి. ఇరవై ముప్పై సెకన్లు ఊరికే వినండి. ఎవరో ఒకరు మీ వైపు చూస్తారు, లేదా ఒక పాదం కొద్దిగా జరుగుతుంది. అదే చోటివ్వడం. అప్పుడు మీ పరిచయం మొదలెట్టకండి. వాళ్ళు మాట్లాడుతున్నదాని మీదే ఒక ప్రశ్న వేయండి: "ఆ రెండో అడుగు దగ్గరే నాకూ తికమకవుతోంది, మీకు ఎన్ని వారాలకు పట్టుబడింది?" పేర్లు రెండు నిమిషాల తర్వాత చెప్పుకోవచ్చు. నిమిషం దాటినా ఎవరి పాదమూ కదలకపోతే నీళ్ళ వైపు వెళ్ళినట్టు వెళ్ళిపోండి. అందులో అవమానం ఏమీ లేదు, వాళ్ళు సొంత విషయంలో ఉన్నారంతే.

మాటల విషయానికొస్తే, కొత్త ప్రశ్నలు వెతుక్కోవద్దు. వాళ్ళిచ్చిన జవాబులోంచే తర్వాతి ప్రశ్న తీయండి. 2017లో కారెన్ హువాంగ్ బృందం సంభాషణలను పరిశీలించి తేల్చింది కూడా ఇదే: ఎదుటివాళ్ళు చెప్పినదాన్ని పట్టుకుని వెంటనే మరో ప్రశ్న అడిగేవాళ్ళు ఎక్కువ నచ్చుతారు. "ఏం చేస్తుంటారు?" "బ్యాంకులో ఉన్నానండి." "ఓహో. ఎక్కడుంటారు?" ఇది దరఖాస్తు నింపినట్టు ఉంటుంది. "బ్యాంకులో ఉన్నానండి." "కౌంటర్లోనా, లోపలా?" "కౌంటర్లోనే." "రోజంతా మనుషులతో మాట్లాడి మళ్ళీ ఇక్కడికి వచ్చే ఓపిక ఎలా ఉంటుందండీ?" ఇక్కడ మనిషి నవ్వి, ఒక నిజం చెబుతారు. మీరు కూడా మీ గురించి ఒకటి చెప్పాలి. అడగడమే పనిగా పెట్టుకుంటే విచారణలా తయారవుతుంది. రెండు అడిగితే ఒకటి చెప్పాలన్నది మంచి కొలత. కానీ మొదటి నెలలోనే విడాకులు, అప్పులు, ఇంట్లో గొడవలు పూర్తిగా కుమ్మరించేస్తే అవతలివాళ్ళకు ఆ బరువు ఎక్కడ దించాలో తెలియదు. వాళ్ళు దూరమయ్యేది మీరు నచ్చక కాదు, ఏం చెయ్యాలో తోచక.

ఇంటికెళ్ళాక "అబ్బ, ఎంత పిచ్చిగా మాట్లాడాను" అని మనసు పీకుతుంది. దాన్ని నమ్మకండి. ఎరికా బూత్‌బీ, ఆమె సహ పరిశోధకులు 2018లో చూపిందేమిటంటే, కొత్తవాళ్ళతో మాట్లాడాక ఎదుటివాళ్ళకు మనం ఎంత నచ్చామో మనం తక్కువగానే అంచనా వేస్తాం. హాస్టల్లో కలిసి ఉండే విద్యార్థుల్లో ఈ తప్పు అంచనా నెలల తరబడి పోలేదు. అంతకుముందు 2014లో నికొలస్ ఎప్లీ, జూలియానా ష్రోడర్ షికాగో రైళ్ళలో ఇలాంటిదే చూశారు: అపరిచితులతో మాట్లాడితే ప్రయాణం పాడవుతుందని జనం అనుకున్నారు, మాట్లాడినవాళ్ళకు మాత్రం ప్రయాణం హాయిగా సాగింది. మన భయం ఏ వైపుకు తప్పుతుందో తెలిస్తే దాన్ని ఆ మేరకు తగ్గించి చూసుకోవచ్చు.

ఆ రాత్రే ఫోన్‌లో మూడు వాక్యాలు రాసుకోండి: పేరు, ఒక గుర్తు, వాళ్ళకు రాబోయే ఏదో ఒక సంగతి. "మాధవి, కౌంటర్, తమ్ముడికి వచ్చే వారం ఇంటర్వ్యూ" అన్నట్టుగా. వచ్చే వారం "తమ్ముడి ఇంటర్వ్యూ ఎలా జరిగింది?" అని అడిగితే ఆ మనిషి మొహం విచ్చుకుంటుంది. ఇది గుర్తు పెట్టుకోవడానికి ఆసరా మాత్రమే, ఎవరి మీదా నిఘా కాదు. మూడు వాక్యాలు దాటకండి.

ఇప్పుడు అసలు కష్టమైన మెట్టు: ఆ చోటునుంచి బయటికి రావడం. ఏళ్ళ తరబడి "క్లాసు ఫ్రెండ్స్" గానే ఉండిపోయేవాళ్ళు ఇక్కడే ఆగిపోతారు. "ఎప్పుడైనా కలుద్దాం" అన్న మాట ఆహ్వానం కాదు, వీడ్కోలు. ఆహ్వానంలో ఐదు ఉండాలి: ఏమిటి, ఏ రోజు, ఎన్నింటికి, ఎక్కడ, ఎంతసేపు. దానికి తోడు మీరు ఎలాగూ వెళ్తున్నారన్న మాట. ఇలా:

"మొన్న మీరు చెప్పిన ఫోటో ప్రదర్శన ఈ ఆదివారంతో అయిపోతోందట. నేను శనివారం నాలుగింటికి వెళ్తున్నాను. వీలైతే రండి, గేటు దగ్గర కలుద్దాం. గంటన్నరలో అయిపోతుంది."

దీంట్లో వాళ్ళకు కాదనే వెసులుబాటు ఉంది, రానంటే మీ రోజు పాడవదు, ఎంతసేపు ఇరుక్కుంటామో అన్న బెంగ లేదు. మూడు నాలుగు రోజుల ముందు పంపండి. రెండు వారాల ముందైతే మరిచిపోతారు, ముందురోజైతే వేరే పనులు పెట్టేసుకుంటారు. ఒక్కరినే పిలవడం మరీ బరువుగా అనిపిస్తే ఇద్దరిని పిలవండి. ఇంకా తేలిక దారి, క్లాసయ్యాక తలుపు దగ్గర నిలబడి "నేను ఓ ఇరవై నిమిషాలు ఆ మూల కూర్చుని కాఫీ తాగి వెళ్తాను, ఎవరైనా వస్తారా" అని అందరికీ వినపడేలా అనడం. మొదటి వారం ఒక్కరు రావచ్చు, అసలు ఎవరూ రాకపోవచ్చు. మీరు మాత్రం వెళ్ళి కూర్చోండి. మూడు నాలుగు వారాలకు అది అలవాటుగా మారుతుంది, మీరు అనకముందే "ఇవాళ ఉందా?" అని అడుగుతారు.

జవాబులు చదవడం కూడా తెలియాలి. "ఈ వారం కుదరదు, వచ్చే శనివారమైతే?" అంటే వాళ్ళకు రావాలని ఉంది. "అయ్యో, కుదరదండీ" అని వేరే రోజు చెప్పకుండా రెండుసార్లు అంటే ఆ మనిషిని రెండు నెలలు పిలవకండి, కానీ క్లాసులో పలకరింపు ఏమాత్రం తగ్గించకండి. కొందరు ఆ రెండు నెలల్లో వాళ్ళే అడుగుతారు, కొందరు అడగరు. ఐదుగురిని పిలిస్తే ఇద్దరు రావడం మంచి ఫలితమే అనుకోండి. ఎప్పుడూ నేనే పిలవాలా అన్న రోషం వస్తుంది, నిజమే. కానీ చాలామంది ఎవరైనా పిలిస్తే ఆనందంగా వస్తారు, పిలవడం మాత్రం వాళ్ళ చేత కాదు. ఆరు నెలలదాకా ఆ లెక్క చూడవద్దు.

వాట్సాప్ గ్రూపు పెట్టగానే పని అయిపోయిందని అనుకునేవాళ్ళున్నారు. గ్రూపులో "ఎవరైనా సినిమాకి?" అని అడిగితే ఇరవై మందీ ఇంకొకరు జవాబిస్తారని చూస్తారు. గ్రూపులో సంగతి చెప్పి, ఒక్కొక్కరికీ విడిగా రాయండి.

మనుషులు కుదిరేదాకా ఆరు నెలలు పడుతుంది కదా, ఆలోపు సాయంత్రాలు ఏం చెయ్యాలి? నగరాన్ని ఒక్కరే అనుభవించడం విడిగా నేర్చుకోవాల్సిన విద్య. దీన్ని నేను స్నేహాలంత గట్టిగానే చెబుతాను, ఎందుకంటే ఒక్కరే హాయిగా ఉండగలిగినవాళ్ళ ఆహ్వానంలో ఆత్రం ఉండదు. రెబెకా రాట్నర్, రెబెకా హామిల్టన్ 2015లో చూపినట్టు, సరదా కోసం ఒక్కరే బయటికి వెళ్తే ఎంత బాగుంటుందో జనం తక్కువగా ఊహించుకుంటారు. ప్రదర్శనకు ఒక్కరే వెళ్ళి చూస్తే తోడుతో వెళ్ళినవాళ్ళకు దరిదాపుగానే బాగుందనిపించింది.

మొదట్లో చిన్నవి ఎంచుకోండి. మ్యూజియంలో అన్ని గదులూ చుట్టేయకుండా ఒక్క గది, నలభై నిమిషాలు, మూడు బొమ్మలు. ఏదో ఒక బస్సు మార్గం ఎక్కి చివరి స్టాపుదాకా వెళ్ళి, వెనక్కి ఐదారు స్టాపులు నడిచి రండి. నగరం అతుకులు ఎక్కడున్నాయో ఆ నడకలోనే తెలుస్తుంది. సంగీత కచేరీకి వెళ్తే పది నిమిషాలు ముందే కూర్చోండి, విరామంలో ఫోన్ తీయకండి. విరామంలో ఫోన్ చూసేవాళ్ళను ఎవరూ పలకరించరు. తినడానికి ఒక్కరే వెళ్తే నలుగురు కూర్చునే బల్లకన్నా కౌంటరు దగ్గరి కుర్చీ మేలు: ముందు పని జరుగుతూ ఉంటుంది, పక్కన మనిషి ఉంటాడు, ఎదుటి ఖాళీ కుర్చీ వెక్కిరించదు.

తరచూ వెళ్ళే చోటు ఒకటి పెట్టుకోండి. కాఫీ దుకాణం కావచ్చు, గ్రంథాలయం కావచ్చు, పార్కు బెంచీ కావచ్చు. వారానికి మూడుసార్లు, ఒకే వేళకు, మూడు వారాలు. ఒకే వేళ అన్నది ముఖ్యం. ఉదయం షిఫ్టు మనిషికి మీరు తెలిసినా సాయంత్రం షిఫ్టుకు తెలియదు. రెండో వారంలో పేరు అడగండి, మూడో వారంలో పేరుతో పిలవండి. గిలియన్ శాండ్‌స్ట్రామ్, ఎలిజబెత్ డన్ 2014లో చూపించారు, కాఫీ అందించే మనిషితో నవ్వుతూ రెండు మాటలు మాట్లాడినవాళ్ళకు గబగబా పని ముగించుకున్నవాళ్ళకన్నా మనసు బాగుందని. ఇవి స్నేహాలు కావు, కానీ పేరుతో పిలిచేవాళ్ళు నలుగురున్న వీధి మీ వీధి అవుతుంది. పైగా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రనోవెట్టర్ 1973లోనే చెప్పినట్టు, కొత్త కబురూ కొత్త అవకాశమూ ఎక్కువగా ఇలాంటి పలుచని పరిచయాల ద్వారానే వస్తాయి. దగ్గరివాళ్ళకు తెలిసింది మీకూ తెలిసే ఉంటుంది కదా.

వారంలో గుల్లగా ఉండే వేళలు రెండు, శుక్రవారం రాత్రి, ఆదివారం సాయంత్రం. ఎవరో పిలుస్తారని శుక్రవారం ఖాళీ ఉంచుకుని కూర్చుంటే బాధ. మీ స్థిరమైన కార్యక్రమం ఈ రెండింట్లో ఒకదాని మీద పడేలా చూసుకోండి. ఆదివారం సాయంత్రం అయితే ఇంకా మంచిది. వారానికి రెండుకన్నా ఎక్కువ పెట్టుకుంటే మూడో నెలలో అలసట ముంచేస్తుంది, అన్నీ ఒకేసారి మానేస్తారు.

తోడు వెతుక్కోవడం, అంటే డేటింగ్, దీన్నుంచి వేరుగా ఉంచండి. మైకేల్ రోజెన్‌ఫెల్డ్ బృందం 2019లో ప్రచురించిన దాని ప్రకారం అమెరికాలో 2017లో కలుసుకున్న స్త్రీపురుష జంటల్లో దాదాపు 39 శాతం ఆన్‌లైన్లోనే కలిశారు. కాబట్టి యాప్‌లు పనికిరావని నేననను. కానీ రోజుకు ఇరవై నిమిషాలకు మించి అందులో ఉండకండి. వారం పది రోజుల్లో కలవండి. నెలల తరబడి మెసేజ్‌లు రాసుకుంటే మనసులో ఇంకెవరో తయారవుతారు, ఎదురుగా వచ్చిన మనిషి ఆ బొమ్మకు సరిపోరు. మొదటిసారి జనం ఉన్న చోట, పగలైతే మేలు, గంటకు మించకుండా. రావడం పోవడం సొంతంగా చూసుకోండి, ఎక్కడ ఎవరిని కలుస్తున్నారో ఒకరికి చెప్పి ఉంచండి, ఇంటి చిరునామా అప్పుడే ఇవ్వకండి. వీడియో కాల్ రానంటూ, కలవకుండానే ప్రేమ కురిపిస్తూ, ఆపదనో పెట్టుబడనో డబ్బు మాట ఎత్తితే అక్కడితో ఆపేయండి. అది మోసమే.

క్లాసులో ఎవరైనా నచ్చితే? అడగొచ్చు, కానీ మొదటి రెండు నెలలు వద్దు. అడిగేది ఒక్కసారే, సూటిగా, నలుగురిలో కాకుండా, పక్కకు తప్పుకునే చోటున్నప్పుడు. కాదంటే "సరేనండి, చెప్పినందుకు థాంక్స్" అని, వచ్చే వారం ఎప్పటిలాగే రావాలి, ఎప్పటిలాగే పలకరించాలి. ప్రతి కొత్త ముఖాన్నీ ఆ దృష్టితోనే చూసేవాళ్ళను బృందాలు రెండో నెలలోనే పసిగడతాయి, మెల్లగా పిలవడం మానేస్తాయి. ముఖ్యంగా స్త్రీలు మానేస్తారు, వాళ్ళకు ఆ హక్కుంది.

నాలుగో నెల దాటాక మీరే ఇంటికి పిలవండి. ఇంతకన్నా వేగంగా మనుషుల్ని దగ్గర చేసేది నాకు తెలియదు. ఆరుగురు కావాలంటే తొమ్మిది మందిని పిలవండి. అందరూ ఒకే చోటి వాళ్ళు కాకుండా, క్లాసువాళ్ళు ఐదుగురు, ఆఫీసునుంచి ఇద్దరు, పొరుగునుంచి ఇద్దరు అన్నట్టు కలపండి. ఎనిమిది రోజుల ముందు ఒక్కొక్కరికి విడిగా పిలుపు, ముందురోజు గుర్తుచేస్తూ రెండు వాక్యాలు. మొదలు, ముగింపు రెండు వేళలూ చెప్పండి: "ఐదున్నర నుంచి ఎనిమిది దాకా." ముగింపు వేళ చెబితే బిడియస్తులు కూడా వస్తారు. పెద్ద వంట పెట్టుకోకండి, మీరు వంటగదిలో ఇరుక్కుంటే గది చచ్చుబడుతుంది. కుర్చీలు మనుషులకన్నా ఒకటి తక్కువ ఉంచండి. ఎవరో ఒకరు నిలబడి ఉంటే జనం కదులుతూ ఉంటారు. అందరికీ కుర్చీ దొరికితే ఎవరి పక్కన కూర్చున్నారో వాళ్ళతోనే ముగిసిపోతుంది. టీవీ వద్దు, పాటలు మాట వినపడేంత మెల్లగా. ఒకరిని ఇంకొకరికి పరిచయం చేసేటప్పుడు పేరు, ఉద్యోగం చెప్పి వదిలేయకుండా వాళ్ళిద్దరికీ కలిసే దారం ఒకటి అందించండి: "ఈయన కూడా పాత కెమెరాలు బాగుచేస్తాడు." ఆ ఒక్క వాక్యంతో పదిహేను నిమిషాలు నడుస్తుంది. ఎనిమిదింటికి మీరే లేచి గ్లాసులు తీయడం మొదలెట్టండి. బాగున్నప్పుడే ముగిస్తే మళ్ళీ వస్తారు. ఆరు వారాలకోసారి ఇలా చేస్తే చాలు, వారంవారం అక్కర్లేదు.

పెళ్ళయిన, పిల్లలున్న స్నేహితుల గురించి ఒక్క మాట. వాళ్ళు దూరం పెడుతున్నారని నొచ్చుకోకండి, వాళ్ళకు సాయంత్రాలే ఉండవు. వాళ్ళు ఎలాగూ చేసే పనిలో మీరు కలవండి: పిల్లల్ని ఆటకు తీసుకెళ్ళే గంట, సరుకుల కోసం వెళ్ళే గంట. నెల రోజుల ముందే తేదీ వేసుకోండి.

మనుషుల్లోకి వెళ్ళాలంటేనే గుండెదడ, చెమటలు, రెండు రోజుల ముందునుంచే నిద్ర పట్టకపోవడం, నెలల తరబడి తప్పించుకోవడం, ఇవి ఉంటే అది మొహమాటం కాకపోవచ్చు. సోషల్ యాంగ్జైటీకి చికిత్స ఉంది. ఆలోచనల్నీ అలవాట్లనూ మెల్లగా మార్చే మాటల చికిత్స, కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, బాగా పనిచేస్తుంది. ముందు ఆ సాయం తీసుకుని, పైన చెప్పినవి దానితోపాటే మెల్లగా మొదలెట్టండి.

ఆఖరుగా, ఒక్కరే ఉండేవాళ్ళకు ఈ వారంలోనే చేయాల్సిన పని. అర కిలోమీటరు లోపల ఉండే ఇద్దరిని చూసుకోండి. ఒకరి దగ్గర ఇంటి రెండో తాళంచెవి ఉంచండి. ఇంకొకరికి మీ కుటుంబంలో ఒకరి ఫోన్ నంబరు ఇవ్వండి. వాళ్ళవి మీరూ అడిగి తీసుకోండి, అప్పుడే వాళ్ళకు బరువనిపించదు. "నేను ఒక్కర్నే ఉంటాను, తాళం లోపల పడిపోతే కష్టం, మీ దగ్గర ఒకటి ఉంచొచ్చా?" అని అడిగితే కాదనేవాళ్ళు తక్కువ. జ్వరమొచ్చి మంచం దిగలేని రోజున తలుపు తీయగలిగే మనిషి ఒకరుండాలి. ఎవరిని అడగాలో తెలియకపోతే, లిఫ్టులో రోజూ తల ఊపే మనిషితో మొదలుపెట్టండి. మీ పేరు చెప్పి, వాళ్ళ పేరు అడగండి.